ఒక్క దిక్కుకే తిరిగే వలయం

యాకూబ్ సాబ్ కన్నుమూశారన్న వార్త మధిరలో, కార్యాలయంలో కూర్చుని ఉండగా నాకు చేరింది. భద్రాచలం నుంచి ఫోన్ చేసినవాడు సోమయ్య.

"సార్, మన గడియారాల యాకూబ్ సాబ్ పోయిండు. పొద్దుగాల దుకాణంల... గదే, ఇంటి అరుగు మీద కూసున్నోడు కూసున్నట్టే పోయిండు. భూతద్దం ఇంకా కంటికే ఉండె సార్."

మరణవార్త ఎంత నిశ్చేష్టుణ్ణి చేసిందో, "దుకాణం" అని మొదలుపెట్టి "ఇంటి అరుగు" అని అతడు దిద్దుకోవడం అంతగా గుచ్చుకుంది. ఆ దిద్దుబాటుకు కారకుల్లో నేనూ ఒకణ్ణి.

భద్రాచలంలో నేను ఇంజనీరుగా పనిచేసిన తాగునీటి కార్యాలయపు ప్రహరీ గోడకు ఆనుకుని ఆయన రేకుల దుకాణం ఉండేది. సెల్‌ఫోన్లు వచ్చి జనం చేతి గడియారాలను వదిలేస్తున్న కాలంలోనూ ఆయనకు ఒక ప్రత్యేక విద్య మిగిలింది: నీట మునిగి పనిచేసేవారికి పనికివచ్చే గడియారాన్ని, పేదవాడు కొనగల ధరలో వెతికి తేవడం. ఆ అవసరం మా వల్లనే కలిగింది. పట్టణానికి తాగునీరు తోడే బావి గోదావరిలో ఉంది. దాని అడుగున జాలీలకు పట్టిన ఒండ్రును, చెత్తను తీయడానికి ఈతగాళ్లు దిగేవారు. ఒడ్డున పెట్రోలు కంప్రెసరు, దాని నుంచి నోటికి గాలి గొట్టం. టాంకు నిండా పోస్తే యంత్రం నలభై నిమిషాలు నడుస్తుంది. ముప్పయ్యో నిమిషంలో మనిషి పైకి రావాలి. తాడు లాగి హెచ్చరించవలసిన మనిషి ఒడ్డున ఉంటాడా, టీ తాగడానికి వెళతాడా అన్నది ఆనాటి అదృష్టం. కనుక కింద ఉన్నవాడి ప్రాణం అతడి మణికట్టు మీదే ఉండేది.

ఆ ఈతగాళ్లలో ఒకడైన సోమయ్య మొదటిసారి గడియారం అడగడానికి వెళ్లినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"సాబ్, నీళ్లల్ల ఆగనిది కావాలె. సస్తాదైతే మంచిగుంటది."

"సస్తా అంటే ఎంత సస్తా? నీ పానమంత సస్తానా?"

"నా పానం ధర మా సార్‌నడుగు," అని సోమయ్య నన్ను చూపించి నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ వారమే ఆయన కొత్తగూడెం స్టేషన్‌లో రైలెక్కి హైదరాబాదు వెళ్లి, పాత సామాన్ల బజారులో రోజంతా వెతికి, గీతలు పడిన ఒక పాత జపాను గడియారం తెచ్చారు. అద్దం మార్చి, రబ్బరు వలయాలన్నీ కొత్తవి వేశారు. "పేరుకు పైసలియ్యకు, రబ్బరుకియ్యి" అన్నది ఆయన నిత్యం చెప్పే మాట. ఎన్ని మీటర్ల లోతుకు ఆగుతుందని డయలు మీద రాసిన అంకెను ఆయన నమ్మేవారు కాదు. కీ మర మాదిరిగా బిగుస్తుందా, వెనక మూత మరదేనా, పిడికిట్లో మూసి చూస్తే ముళ్లు వెలుగుతాయా అన్నవే చూసేవారు. ఆపైన తాను తయారుచేసుకున్న మందపాటి గాజు గొట్టం ఉండేది. సగం నీరు, పైన గాలి, ఆ గాలిలో వేలాడే గడియారం. సైకిలు పంపుతో ఒత్తిడి పెంచి, కొంతసేపు ఆగి, గడియారాన్ని నీటిలోకి దించి, ఒత్తిడిని మెల్లగా వదిలేవారు. లోపలికి గాలి దూరి ఉంటే బుడగలై బయటపడేది. ఏ ప్రయోగశాలా తప్పుపట్టలేని పరీక్ష అది.

డయలు చుట్టూ తిరిగే వలయం గురించి నాకు పాఠం చెప్పింది కూడా ఆయనే. దిగేటప్పుడు దాని గుర్తును నిమిషాల ముల్లుకు ఎదురుగా పెడతారు. ఎంతసేపు గడిచిందో అక్కడి నుంచి లెక్క. "మంచిదైతే ఎడమకే తిరుగుతది సార్. రాయి తగిలి జరిగినా, ఎక్కువ సేపైనట్టు చూపిస్తది గని తక్కువ చూపియ్యది. మనిషి జర ముందుగాల పైకొస్తడు, గంతే. తప్పయినా మనిషి బతికే దిక్కుకే కావాలె." ఇంజనీరింగ్ కళాశాలలో భద్రత గురించి నేను విన్న ఉపన్యాసాలన్నీ కలిపినా ఈ ఒక్క మాటకు సరితూగవు.

తరువాత మా కార్యాలయం ఈతగాళ్లందరికీ మెరిసే గడియారాలు కొన్నది. స్వీకరణ పత్రం నా బల్ల మీదికి వచ్చింది. యాకూబ్ సాబ్ ఒకదాన్ని చేతిలోకి తీసుకుని వలయాన్ని ఎడమకు తిప్పారు, కుడికి తిప్పారు. రెండు వైపులా జారింది.

"ఇది పెండ్లికి పెట్టుకపోయేది సార్. నీళ్లకు పంపకుండ్రి."

విన్నాను. అర్థం చేసుకున్నాను. పత్రం మీద "పరీక్షించితిని, సంతృప్తికరం" అని రాసి సంతకం చేశాను. పైఅధికారి పర్యవేక్షణకు వచ్చిన రోజున, పాత గడియారంతో వచ్చిన సోమయ్యతో, "కొత్తది పెట్టుకో, పెద్దసారు చూస్తారు" అన్నవాణ్ణీ నేనే.

ఆ రోజే, బావి అడుగున జాలీకి రాసుకుని వలయం కుడికి జరిగింది. ఇంకా ఇరవై అయిదు నిమిషాలే గడిచాయని సోమయ్య అనుకుంటున్నప్పుడు పైన నలభై పూర్తయి యంత్రం ఆగింది. నది నీరు మింగుతూ పైకి తేలాడు. దవాఖానాలో ప్రాణం నిలిచింది. ఎడమ చెవి వినికిడి మాత్రం తిరిగి రాలేదు.

విచారణకు యాకూబ్ సాబ్ ఎవరూ పిలవకుండానే వచ్చారు. ఆ గడియారాన్ని బల్ల మీద పెట్టి, వలయాన్ని అందరి ముందూ రెండు వైపులా తిప్పి చూపారు. నా వైపు ఒక్కసారి చూశారు. నేను కాగితాలు సర్దుకున్నాను. విచారణాధికారులు నివేదికలో "ఈతగాని అజాగ్రత్త" అని రాశారు. నెల తిరగకుండానే గోడ విస్తరణకు అడ్డమని మా కార్యాలయం ఆయన దుకాణాన్ని తీయించేసింది. ఆ గోడ నేటికీ ఒక్క అడుగు జరగలేదు.

నిన్న సంతాప సభకు వెళ్లాను. మా కార్యాలయం పంపిన పూలదండ అన్నిటికన్నా పెద్దది. ఒక వక్త ఆయనను కాలాన్ని జయించిన కళాకారుడన్నాడు. సోమయ్య కుడి చెవి వేదిక వైపు తిప్పి కూర్చున్నాడు. చేతికి ఆ పాత గడియారం ఉంది.

"నడుస్తుందా?" అన్నాను.

"నడవకేం సార్. నేనే దిగుతలేను."

అటువంటి పరీక్షకుడు ఈ గోదావరి తీరాన మళ్లీ దొరకడు. ఆయనకు పూలదండ వేసే అర్హత నాకు లేదు. ఆనాటి పత్రం మీద నేను రాయవలసి ఉండిన వాక్యమే నేను సమర్పించగల నివాళి: ఈ గడియారాలను నేను పరీక్షించలేదు, యాకూబ్ సాబ్ పరీక్షించారు, ఇవి నీటికి పనికిరావు.