శుక్రవారం బొట్టు

సోమల ఊరి దగ్గర కోళ్లషెడ్డులో ఉండే హనుమక్క లేవగానే దేవుడి పటం కంటే ముందు నూనె ట్యాంకు మీటరును చూస్తుంది. ఈ చలికి నూనె అయిపోయి హీటరు ఆరిపోతే, కొత్తగా దిగిన కోడిపిల్లలు వెచ్చదనం కోసం ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపిరాడక చస్తాయి. ఆ శుక్రవారం తలంటుకుని, ఎప్పటిలా గడపకు, హీటరుకు, ట్యాంకుకు కుంకుమ పెట్టి చూస్తే మీటరు సున్నా చూపిస్తోంది. మెటికతో కొడితే ట్యాంకు నిండుగానే పలికింది గానీ నమ్మకం కుదరలేదు. మొన్ననే ఆ కొత్త మీటరు బిగించిన మునిశేఖర్‌కు ఫోను చేసింది.

“నూనె యాడికో పోయిందప్పా. పిల్లలు సచ్చిపోతాయి.”

“భయపడొద్దక్కా. మసకబారిన గాజుగొట్టం ముందర నూనె మట్టం సూసే మీటరు కన్నుండాది గదా, దానిమీద దుమ్ముండాదేమో సూడు.”

“దుమ్ము యాడిది? ఇప్పుడే బొట్టు పెట్టినా.”

“కన్ను మీదనా అక్కా?”

“ఆ, యాల?”

అవతలివాడు నవ్వు ఆపుకుంటూ తుడవమన్నాడు. కొంగుతో తుడవగానే అంకె తిరిగొచ్చింది. అయినా హనుమక్కకు మనసు కుదుటపడలేదు. శుక్రవారం పూట బొట్టు చెరిపింది. కన్నుకు కాస్త పైన, నుదురు ఉండాల్సిన చోట మళ్లీ కుంకుమ పెట్టి, పిల్లల కిచకిచలు వింటూ అక్కడే నిలబడిపోయింది.