పొడుగు చేతుల ఫ్యాషన్

"...అందుకే మెట్లంటున్నా. బాత్రూం పోయినసారి చెప్పేశాం."

"మనది కింది వాటా అండీ. మెట్లెక్కడివి?"

"మీ పిన్ని ఇంట్లో లేవూ?"

"పిన్నిది రేకుల ఇల్లు. గడప తప్ప ఏమీ లేదు."

"ఏదో ఒక మేడ చూసుకుని పడవే తల్లీ! ప్రతిదానికీ కొలతలేంటి నీకు?"

ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డు బయట బెంచీ మీద భార్యాభర్తలు గొంతు తగ్గించి పోట్లాడుకుంటున్నారు. ఎదురుగా, కాల్లో మేకు దిగిన పెద్దాయన తన నొప్పి పక్కనపెట్టి శ్రద్ధగా వింటున్నాడు.

ఆమెను వీధిలో టేపమ్మ అంటారు. బట్టలు కుడుతుంది. కొలతల టేపు మెడలో లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. ఇప్పుడు కూడా అది మెడలోనే ఉంది. కుడిచెయ్యి మాత్రం తువ్వాలులో ఉంది. పని నేర్పింది పిన్నే. కొలత ఒకసారి తప్పు చెప్తే గుడ్డ జన్మంతా తప్పుగానే ఉంటుందని పిన్ని నెత్తిన మొట్టి మరీ నేర్పింది. దానితో టేపమ్మకు కొలత తప్పు చెప్పడం చేతకాకుండా పోయింది. నడుము ఎంత పెరిగిందో మొహం మీదే చెప్పి కొందరు ఖాతాదారులను పోగొట్టుకుంది కూడా.

పెళ్లయిన కొత్తలోనే ఆమె తన జాకెట్లకు చేతులు మణికట్టు దాకా కుట్టుకోవడం మొదలుపెట్టింది. వీధిలో ఆడవాళ్లు చూసి ముచ్చటపడ్డారు. దర్జీ వేసుకుందంటే కొత్త ఫ్యాషనే అయి ఉంటుందని అందరూ అవే కావాలన్నారు. ఎండాకాలంలో వీధి వీధంతా పొడుగు చేతుల్లో ఉడికిపోయింది. ఎందుకు కుట్టుకున్నావని ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు.

భర్త ఫ్యాన్లు, లైట్లు అమ్మే దుకాణంలో పనిచేస్తాడు. అరిచి ఎరగడని అతనికి పేరు. ఆ మాట నిజమే. కొట్టేటప్పుడు కూడా అరవడు. ఆ రోజు భోజనానికి వచ్చినప్పుడు చొక్కా గుండీ ఊడింది. దర్జీ మొగుడు గుండీ లేకుండా తిరిగితే నలుగురూ ఏమనుకుంటారన్నది అతని ప్రశ్న. జవాబు వచ్చేలోగా బట్టలు కొలిచే చెక్క స్కేలు అందుకున్నాడు. మామూలుగా అయితే మందుల షాపులో పట్టీతో సరిపోయేది. ఈసారి ఆమె వేళ్లు కత్తెర పట్టలేకపోయాయి. కత్తెర పట్టకపోతే ఇల్లు గడవదని ఇద్దరికీ తెలుసు. అందుకే ఆసుపత్రి.

నర్సు తలుపు తీసింది. ఆమె జాకెట్టువీ పొడుగు చేతులే, టేపమ్మ కుట్టినవే.

"పేషెంటు ఒక్కరే రావాలి."

"ఆవిడకి మాట్లాడటం రాదు సిస్టర్. నేను చెప్తాను," అన్నాడు భర్త, భార్య చెప్పులు, నీళ్ల సీసా పట్టుకుని లేస్తూ.

"నా బట్టలు ఆలస్యం చేసినప్పుడు అరగంట సంజాయిషీ చెప్పింది. బాగానే వచ్చు. మీరు కూర్చోండి."

లోపల నర్సు కత్తెర తీసుకుని వాచిన చేతి మీది గుడ్డను అడ్డంగా కోయబోయింది.

"అయ్యో, అలా కాదు! కుట్టు మీద విప్పండి. మళ్లీ వేసుకోవచ్చు."

నర్సు కుట్టు విప్పింది. గుడ్డ రెండుగా తెరుచుకుంది. మోచేతికి పైన నీలం మచ్చలు, వాటి పక్కన పసుపుబారినవి, ఇంకా పైన మానిన గాటు. నర్సు కాసేపు వాటిని చూసింది. తర్వాత తన చేతులు చూసుకుంది.

"ఇందుకా అక్కా ఈ ఫ్యాషన్?"

ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. "ఎలా జరిగింది?"

"మెట్ల మీంచి పడ్డానండీ."

"పడేటప్పుడు చెయ్యి ఎలా ఉంది? చూపించండి."

టేపమ్మ ఎడమచేతిని ఎత్తి నుదుటికి అడ్డంగా పెట్టింది. ఒక క్షణం ఆలోచించి, ఇంకాస్త పైకి జరిపి సరిచేసింది.

"అంటే మెట్లు పైనుంచి మీ మీద పడ్డాయా?"

"కొంచెం కుడిపక్కనుంచండీ," అంది టేపమ్మ.

నర్సు కిటికీ వైపు తిరిగింది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు లాక్కుంది.

"ఇప్పుడు పిండికట్టు వేస్తాను, ఎముక అతుక్కుంటుంది. మళ్లీ ఇదేచోట దెబ్బ తగిలితే నేను మాటివ్వలేను. కత్తెర సంగతి మర్చిపోవాల్సి వస్తుంది. ఆ మెట్లు ఇంట్లోనే ఉంటాయా?"

"దుకాణం నుంచి రాత్రికి వస్తాయండీ."

ఆ తర్వాత టేపమ్మ చాలాసేపు మాట్లాడింది. ఏ వైపు నుంచి, ఏ వస్తువుతో, ఎంత ఎత్తునుంచి అన్నీ చెప్పింది. పాత మచ్చలవి కూడా చెప్పింది. స్కేలు పొడుగు చెప్పేటప్పుడు ఎడమచేత్తో మెడలో టేపు లాగి చూపించింది.

పిండికట్టు ఆరాక బయటికి వచ్చింది. జాకెట్టు కుడిచెయ్యి విప్పిన కుట్టుతో భుజం నుంచి వేలాడుతోంది. భర్త లేచాడు.

"అయిపోయిందా? పద."

"ఏమండీ, గుండీల డబ్బా కిటికీ పక్కనుంది. సూదీదారం అందులోనే ఉన్నాయి. నేను పిన్ని ఇంటికి పోతున్నాను, ఇక ఆ ఇంటికి రాను. స్కేలుతో కొట్టారని పోలీసులకి చెప్పమని డాక్టరమ్మకి చెప్పాను."