వేణ్ణీళ్ళా, చన్నీళ్ళా, సలాఫాయి అత్తా?

మా సలాఫాయి అత్తకి ఒకటే జబ్బు. ఒంటి మీద పచ్చబొట్టు ఉన్నవాడు గానీ, పొడిపించుకుంటున్నవాడు గానీ, పొడిపించుకుందామా అని మనసులో అనుకుంటున్నవాడు గానీ కంటపడితే సలహా చెప్పకుండా ఉండలేదు. మా సవాయి దీవిలో మగవాళ్ళు చాలామంది ఈ మూడు రకాల్లోకే వస్తారు కాబట్టి ఆవిడ నోటికి విశ్రాంతి ఉండేది కాదు. మిగిలినవాళ్ళని పట్టుకుని ఎందుకు పొడిపించుకోలేదో చెప్పమని నిలదీసేది.

ఒక ఆదివారం చర్చిలో అందరం లేచి నిలబడి పాట పాడుతున్నాం. అత్త ముందు వరసలో ఉన్న పెద్దమనిషి వీపు మీద వేలితో పొడిచి, "నాయనా, నడుం దగ్గర గోకుతున్నావు. పెచ్చు దానంతటది రాలాలి. గోకితే గీత మధ్యలో తెల్లమచ్చ పడి చచ్చేదాకా వెక్కిరిస్తుంది" అంది. ఆ పెద్దమనిషి అక్కడితో పాట మరిచిపోయాడు. ఆయన్ని చూసి పాడే మా వరస మొత్తం పాట దారి తప్పింది. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ఓర్చుకున్నారు.

సలహా చెబితే చెప్పింది, ఒకే మాట మీద ఉంటే మేమూ ఓర్చుకునేవాళ్ళం. సోమవారం నాడు "పుండు వేణ్ణీళ్ళతో కడుక్కో" అనేది. బుధవారం నాడు అదే మనిషిని ఆపి, "వేణ్ణీళ్ళు పోసుకున్నావా? నీకసలు బుర్రుందా? చన్నీళ్ళు పోసుకోవాలి గానీ!" అని కేకలేసేది. "నువ్వే కదా అత్తా చెప్పింది" అంటే, "నేను చెబితే మాత్రం, నీ బుద్ధేమైంది?" అనేది. దీనికి జవాబు చెప్పగలిగినవాడు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

ఎదురు చెప్పకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మాలో ఆడవాళ్ళు తొడల మీద, మోకాళ్ళ మీద పొడిపించుకునే పచ్చబొట్టుని మలు అంటారు. అత్త మలు దీవి మొత్తం మీద అందమైనదని ఊరివాళ్ళ నమ్మకం. చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. మలు ఉన్న ఆడవాళ్ళు నాట్యం చేసేటప్పుడు లుంగీ కాస్త పైకి కట్టుకుంటారు. అత్త ఆ సమయానికి ఆడేవాళ్ళకి సలహాలు చెప్పడంలో మునిగిపోయి ఉండేది. ఇంత తెలిసిన మనిషికి ఎంత గొప్ప మలు ఉండి ఉంటుందోనని మాకు మేమే అనుకునేవాళ్ళం.

ఆవిడ తమ్ముడు మలాకీ, నాకు చిన్నాన్న. ఎంత ఎండ కాసినా చొక్కా విప్పడు. సముద్రంలో ఈతకి దిగినా చొక్కాతోనే దిగుతాడు. వయసులో ఉండగా నడుము నుంచి మోకాళ్ళ దాకా మగవాళ్ళు పొడిపించుకునే పెయా మొదలుపెట్టి, నొప్పి ఓర్చుకోలేక మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. అలా ఆగిపోయినదాన్ని తెగిన పెయా అంటాం. ఆ మాట ఆయన ముందు ఎవరూ అనరు, పక్కకి వెళ్ళగానే అందరూ అంటారు. అత్త మాత్రం ఏమీ జరగనట్టు, "మలాకీ, తడి చొక్కా ఒంటి మీద ఆరనివ్వకురా" అని రోజూ ఆయనకీ సలహా చెప్పేది.

ఇక నా వంతు వచ్చింది. మా నాన్న పెద్దవాడైపోయాడు. పెద్దల సభలో మా కుటుంబం తరఫున నిలబడి సేవ చెయ్యడానికి నన్ను అనుకున్నారు. అందుకు పెయా ఉండాలి. తెగిన పెయా ఉన్నవాడు ఆ సభలో తలెత్తుకోలేడు. దానికంటే ఏమీ లేకపోవడమే నయం. మాలో ఎవరూ ఒంటరిగా పొడిపించుకోరు కాబట్టి మా పెదనాన్న కొడుకు ఫెరెతిని నాకు జతగా కూర్చోబెట్టారు. ఇద్దరం కలిసి మొదలుపెట్టాలి, కలిసి ముగించాలి.

సంగతి తెలిసిన పూటే అత్త మా ఇంటికొచ్చి చాప మీద కూలబడింది.

"లామెకో, పొడిచే మనిషిని అతని మాటలు చూసి ఎంచుకోకు. ఏళ్ళ కిందట అతను పొడిచినవాళ్ళ చర్మం చూసి ఎంచుకో. గీతలు ఇప్పటికీ సూటిగా ఉంటే మంచివాడు."

ఇది బాగానే ఉందనిపించింది. అలా అనుకోవడమే నా పొరపాటు. ఆ ధైర్యంతో ఆవిడ రోజూ రావడం మొదలుపెట్టింది.

"బాగా తిను. టారో దుంపలు తిను, కొబ్బరి పాలు తాగు. బక్కోడి మీద గీతలు వంకరపోతాయి."

తిన్నాను. నాలుగు రోజులు పోయాక వచ్చి, "ఏంట్రా ఆ పొట్ట! నడుం మీద చిన్న పడవ బొమ్మ పొడిపిద్దామనుకుంటే ఇక్కడ ఓడ పట్టేలా ఉంది" అంది. నా పళ్ళెంలో ఉన్న దుంప తీసి తనే తినేసింది.

పచ్చబొట్టు పొడిచే పెద్దని మేం తుఫుగా అంటాం. మా తుఫుగా ముక్తసరి మనిషి. వచ్చాడు, చాప మీద కూర్చున్నాడు, పనిముట్ల మూట పక్కన పెట్టుకుని, "సలాఫాయి వచ్చిందా?" అని అడిగాడు. వచ్చిందన్నాక గానీ మూట విప్పలేదు. ఆ తర్వాత కూడా రోజూ ఇదే అడిగేవాడు. పాపం, ఈయనకీ ఆవిడంటే హడలేనని నేనూ ఫెరెతీ నవ్వుకున్నాం. ఆ తర్వాత చాలా రోజులపాటు మాకు నవ్వడానికి ఇంకేమీ దొరకలేదు.

పళ్ళున్న దువ్వెనలాంటి పనిముట్టుని మసిలో ముంచి, చర్మం మీద ఆనించి, చిన్న కర్రతో దాని మీద టకటకా కొడతారు. ఇద్దరు చర్మం సాగదీసి పట్టుకుంటారు. బంధువులు చుట్టూ కూర్చుని పాటలు పాడతారు. అత్త నా తల దగ్గర స్థిరపడింది, ఒక చేతిలో విసనకర్ర, ఇంకో చేతిలో కొబ్బరినూనె సీసా.

"ఊపిరి బిగబట్టు."

బిగబట్టాను.

"బిగబడతావేంట్రా, చస్తావు! వదులు."

వదిలాను.

"కుడికాలు వణుకుతోంది. వణకనివ్వకు."

"నేను వణికించట్లేదత్తా, అదే వణుకుతోంది."

"కాలు నీదా, పక్కింటివాళ్ళదా?"

"అత్తా, కాసేపు ఊరుకోవా?"

"నేనూరుకుంటే నీకెవరు చెబుతారు? ఆ తుఫుగా నోట్లోంచి మాటొస్తుందా? అదిగో, మళ్ళీ ఊపిరి బిగబట్టాడు!"

తుఫుగా తల ఎత్తలేదు. ఆయన పెదవి చివర కదిలినట్టు అనిపించింది గానీ, నేను పట్టించుకునే స్థితిలో లేను.

పొడవడం అయ్యాక కూడా వదిలేది కాదు. రక్తం గడ్డకట్టకుండా ఒళ్ళు పిసికించుకోవాలి, ఉప్పునీళ్ళలో కడుక్కోవాలి, ఎండ తగలకూడదు, ఈగ వాలకూడదు, ఒంటరిగా తిరగకూడదు. ఇవన్నీ మా అందరికీ తెలిసినవే. అయినా మేమిద్దరం సముద్రంలో నడుము లోతున నిలబడి మంటకి పళ్ళు కొరుక్కుంటుంటే ఆవిడ ఒడ్డున నిలబడి పల్లె మొత్తానికి వినపడేలా అరిచేది. "ఫెరెతీ, కూర్చో! లామెకో, నువ్వు లే! ఎందుకు లేచావు, కూర్చో!" చేపలు పట్టేవాళ్ళు వలలు వదిలేసి మమ్మల్ని చూసేవాళ్ళు.

మోకాళ్ళ వెనక పొడిచిన రోజున నా వల్ల కాలేదు. ఆ చోట చర్మం ఎంత పల్చనో అక్కడ పనిముట్టు ఆనించినవాడికే తెలుస్తుంది. రాత్రంతా ఆలోచించి, తెల్లారాక ఉపోలు దీవికి వెళ్ళే ఓడ ఎక్కేద్దామని బయల్దేరాను. అక్కడ నన్నెరిగినవాళ్ళు తక్కువ. చొక్కా వేసుకుని బతికేస్తే సరి. మలాకీ చిన్నాన్న బతకట్లేదా అనుకున్నాను. గీతలు ఎవరికీ కనబడకుండా రబ్బరు పట్టీతో బిగుతుగా ఉన్న పొడవాటి నిక్కరు ఒకటి తొడుక్కున్నాను.

ఓడరేవులో వరసలో నిలబడ్డాను. ఓడ తలుపు తెరిచారు. వరస కదిలింది. వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఆ రబ్బరు నిక్కరేంట్రా!"

ఉపోలులో ఉన్న కూతురికి అరటిగెలలు పంపడానికి వచ్చిందట. ఎక్కడికి పోతున్నావని అడగలేదు. పారిపోతున్నావా అని అడగలేదు. తిన్నగా వచ్చి నా నడుము దగ్గర నిక్కరు పట్టీ పట్టుకుని లాగి చూసింది.

"పచ్చి పుండు మీద రబ్బరు బిగిస్తావా? గాలాడక చీము పడుతుంది. వదులు లుంగీ కట్టుకోవాలని ఎన్నిసార్లు చెప్పాను?"

"అత్తా, దణ్ణం పెడతాను, మెల్లగా మాట్లాడు."

"మెల్లగా దేనికి? మంచి మాటే కదా!" అని వరసలో ఉన్న ఓ ముసలావిడ వైపు తిరిగింది. "చూడమ్మా, నిన్ననే మోకాళ్ళ వెనక పొడిచారు, ఇవాళ రబ్బరు నిక్కరేసుకుని ఓడెక్కుతున్నాడు."

"అయ్యో, ఉడికిపోదూ!" అంది ఆవిడ.

"మా మేనల్లుడు ఇలాగే చేసి నెల రోజులు బోర్లా పడుకున్నాడు" అన్నాడు వెనకున్న ఆయన.

"పసుపు రాయాలి" అని ఒకరు, "ఏమీ రాయకూడదు" అని ఒకరు. అత్త మధ్యలో నిలబడి ఆ ఇద్దరినీ తప్పుబట్టింది. వరస చెదిరి నా చుట్టూ గుంపుగా మారింది. ఎవరో నా చొక్కా ఎత్తి నడుం మీది పడవ బొమ్మ చూసి, "గీత బాగుంది, పూర్తయితే ఇంకా బాగుంటుంది" అన్నారు. ఈ గొడవలో ఓడ కూత వెయ్యడం నాకు వినిపించనేలేదు. చూసేసరికి అది రేవు దాటి పోతోంది.

"నీ మూలంగా ఓడ పోయింది!" అని అరిచాను.

"పోనీలే. ఆ గెలలు కూడా ఎక్కలేదు. పట్టు, అటు చివర పట్టుకో."

ఈ ముసలమ్మ చేతిలో పడేకంటే తుఫుగా చేతిలో పడటమే నయమనుకుంటూ అరటిగెలలు మోసుకుని వెనక్కొచ్చాను. "పొద్దున్నే ఎటు పోయావురా?" అన్నాడు ఫెరెతి. "అరటిపళ్ళకి" అన్నాను. తుఫుగా నన్నూ, నా వెనకొస్తున్న అత్తనీ చూసి, మూట విప్పాడు.

ఆఖరికి బొడ్డు మిగిలింది. పెయాలో అన్నిటికంటే చివరిది, అన్నిటికంటే భయపెట్టేది అదే. అది పడితేనే పెయా పూర్తయినట్టు. ఆ రోజు అత్త రెచ్చిపోయింది.

"పొట్ట లోపలికి లాక్కో. అంతగా కాదు! కళ్ళు మూసుకో. మూసుకున్నావేం, తెరువు. చెయ్యి అలా పెట్టకు. ఇలా పెట్టు. ఎడం చెయ్యిరా మొద్దూ! నీకు సాయంత్రం వేణ్ణీళ్ళు కాచి పెడతాను."

"నిన్న చన్నీళ్ళన్నావు!"

"నిన్న నిన్నటి సంగతి."

"మొన్న వేణ్ణీళ్ళన్నావు, అంతకుముందు చన్నీళ్ళన్నావు, ఆ ముందు అసలు నీళ్ళే వద్దన్నావు! నీకొక మాట మీద నిలకడ ఉందా? నా పుట్టుక దగ్గర్నుంచి చూస్తున్నాను, నీ సలహాలతో చర్చి చెడింది, ఓడ పోయింది, నా బతుకు బస్టాండయింది! నువ్వు నోరు మూస్తావా మూయవా?"

పాటలు ఆగాయి. తుఫుగా కర్ర పక్కన పెట్టి చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఆపావేం తుఫుగా?" అన్నాను.

"అయిపోయింది" అన్నాడు ఆయన. "ఎప్పుడో."

ముగింపు రోజున మా ఆచారం ప్రకారం ఇద్దరి తలల మీద గుడ్లు పగలగొట్టి, ఒంటికి నూనె రాసి కూర్చోబెట్టారు. ఊరంతా వచ్చింది. మలాకీ చిన్నాన్న ఎప్పటిలాగే చొక్కాతో వచ్చి, నా భుజం నొక్కి, వెనక వరసలోకి వెళ్ళి కూర్చున్నాడు. అత్త నా పక్కనే కూర్చుంది. ఒక్క మాట లేదు. నాకు గాభరా పుట్టింది.

"ఒంట్లో బాగాలేదా అత్తా? ఏమన్నా చెప్పు."

"ఇంకేం చెప్పనురా, అయిపోయిందిగా" అంది. వెనక వరస వైపు చూస్తూ గొంతు తగ్గించింది. "మలాకీకి పొడిచినప్పుడు నేను తల దగ్గర కూర్చుని ఏడ్చాను. దెబ్బదెబ్బకీ 'నొప్పిగా ఉందా తమ్ముడూ' అని అడిగాను. మనవాళ్ళందరూ ఏడ్చారు. అలా అడిగితే ఎవడికి మాత్రం నొప్పెయ్యదు? లేచిపోయాడు. జాలి పడితే మనిషి మెత్తబడిపోతాడురా. ఒళ్ళు మండించాలి. మండితే మిగతాది తెలీదు."

తుఫుగా ప్రతిసారీ ఆవిడ వచ్చిందా అని అడిగి గానీ మూట ఎందుకు విప్పడో అప్పుడు తట్టింది. ఆయన హడలిపోయి అడగలేదు, ఆవిడ లేకుండా పని మొదలుపెట్టడం ఇష్టంలేక అడిగాడు. నాకు ఆవిడ మీద ఎంత ప్రేమ పొంగుకొచ్చిందంటే, నెత్తి మీద గుడ్డు కారుతున్నా పట్టించుకోకుండా వంగి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"ఒక్కటి నిజం చెప్పత్తా. నీ మలు పొడిచినప్పుడు నువ్వు ఏ నీళ్ళతో కడుక్కున్నావు? వేణ్ణీళ్ళా, చన్నీళ్ళా?"

"నాకు మలు ఎక్కడిదిరా?" అంది అత్త. "సూదంటే నాకు చచ్చేంత భయం."

"ఏంటీ! మరి ఇన్నాళ్ళూ ఏం తెలుసని మా అందరి ప్రాణాలు తోడేశావు? రేవులో, చర్చిలో, సముద్రంలో..." నా గొంతు పూరి కప్పుకి తగిలింది. అందరూ మా వైపు తిరిగారు.

అత్త నింపాదిగా విసనకర్ర అందుకుంది.

"బొడ్డు దగ్గర మంటగా ఉందా ఇప్పుడు?"

చూసుకున్నాను. లేదు.