కుర్చీ నిలబడటానికి పదకొండు అక్షరాలు

కత్తెర బాబాయి సెలూన్‌లో కుర్చీ ఒక్కటే. అందులో కూర్చున్నవాడు మొదట అద్దంలో ఛాతీ దాకా కనిపిస్తాడు. జుట్టు తడిపేసరికి గడ్డం దాకా, చెవుల పక్కన కత్తెర ఆడేసరికి ముక్కు దాకా. పని పూర్తయ్యేసరికి అద్దంలో ఉత్త నడినెత్తి మిగులుతుంది. కుర్చీ అడుగున ఉన్న నూనె పంపులో రబ్బరు రింగులు అరిగిపోయాయి. మనిషి బరువు పడితే చాలు, కుర్చీ చప్పుడు చేయకుండా కిందికి దిగిపోతూ ఉంటుంది.

బాబాయి దానికి తగ్గట్టు పని వరస మార్చుకున్నాడు. ముప్పై ఏళ్లుగా చివర చేసే మెడ పనిని ఇప్పుడు ముందు చేస్తున్నాడు, మెడ ఇంకా చేతికందే ఎత్తులో ఉన్నప్పుడే. అయినా రోజుకి పది తలలు అయ్యేసరికి నడుము పట్టేస్తోంది. అన్నం తీసుకొచ్చిన భార్య ఓసారి గుమ్మంలో నిలబడి చూసింది. బాబాయి నేల మీద మోకాళ్లూని ఒక గుమాస్తా నెత్తి మీద దువ్వెన ఆడిస్తున్నాడు.

"మీరు క్రాఫు చేస్తున్నారా, ఆయనకి మొక్కుతున్నారా?" అంది.

గుమాస్తా నవ్వలేదు. మరుసటి నెల రోడ్డుకి అవతల కొత్తగా పెట్టిన సెలూన్‌కి వెళ్లాడు. అక్కడ మూడు కుర్చీలు. మీట నొక్కితే లేస్తాయి, లేచినవి లేచినట్టే ఉంటాయి. గుమాస్తాతో మొదలుపెట్టి, పెళ్లిచూపులకి వెళ్లాల్సిన కుర్రాళ్లూ, ఫొటో దిగాల్సిన ఆఫీసర్లూ ఒక్కొక్కరే రోడ్డు దాటారు.

బాబాయి అన్ని ఖర్చులనీ తలల్లోనే లెక్క కడతాడు. కొత్త కుర్చీ అంటే పదిహేను వందల తలలు. అంతమంది మిగిలి ఉంటే కొత్త కుర్చీ అక్కర్లేకపోయేది. అదే పంపు రింగులైతే, పంపించే ఖర్చుతో కలిపి నలభై తలలు. కాకపోతే ఆ రకం కుర్చీ తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

రింగుల జాడ తీసింది బావమరిది. కూర్చున్నచోటి నుంచి కదలకుండా ఫోన్లో లోకమంతా గాలించగల సమర్థుడు. ఎక్కడో సముద్రాల అవతల ఒక రేవు పట్టణంలో ఒక పెద్దావిడ ఉంది. ఆవిడ భర్త బతికున్నన్నాళ్లూ ఆ కుర్చీలే బాగుచేసేవాడు. ఆయన దాచిన సామాను ఆవిడ ఇప్పుడు ఒక్కొక్కటే అమ్ముతోంది. ఆ రింగుల జత ఒక్కటే మిగిలిందనీ, ఇంకెవరో కూడా అడుగుతున్నారనీ, బాబాయి ముందు అడిగాడు కాబట్టి శుక్రవారం సాయంత్రం దాకా ఆగుతాననీ, డబ్బు బ్యాంకు ద్వారా తప్ప ఇంకోలా తీసుకోననీ ఆవిడ రాసింది. కింద తన పేరు, చిరునామా, బ్యాంకు పేరు, ఖాతా నంబరు, ఆ పైన పదకొండు అక్షరాల కోడ్ ఒకటి పంపింది.

బావమరిది అదంతా కాగితం మీద రాసిచ్చాడు. బాబాయికి ఆ కోడ్ చూడగానే మనసు కీడు శంకించింది. దాని చివర వరసగా మూడు ఎక్స్‌లున్నాయి. సెలూన్‌లో ఖాతా పుస్తకం ఒకటుంటుంది. అందులో వాడుక మనిషి ఊరు మారితే పేరు పక్కన ఒక ఎక్స్, బట్టతల వస్తే రెండు, పోతే మూడు.

ఈ సందేహం తీర్చడానికి బెంచీ మీద పోస్టుగారు ఉండనే ఉన్నారు. ముప్పై ఐదేళ్లు ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. పొద్దున్నే వచ్చి పేపరు మొదటి అక్షరం నుంచి చివరి ప్రకటన దాకా చదివి, మధ్యాహ్నానికి వెళ్తారు. నెలకోసారి క్రాఫు చేయించుకుంటారు కాబట్టి మిగిలిన ఇరవై తొమ్మిది రోజులూ కూర్చునే హక్కు తనకుందని ఆయన ఉద్దేశం. ఆయన కాగితం తీసుకుని, కళ్లజోడు నుదుటి మీంచి ముక్కు మీదికి దింపారు.

"ఇదేం బ్రహ్మవిద్య కాదోయ్. ఇది చిరునామా," అన్నారు.

మొదటి నాలుగక్షరాలు బ్యాంకు పేరుట. తరవాతి రెండూ దేశం. ఆ తరవాతి రెండూ ఊరు. అంతవరకూ ఆయన చెప్పింది అక్షరాలా నిజమే, అదే కొంప ముంచింది. ఊరి దగ్గరికొచ్చేసరికి ఆయన వేలు ఆగిపోయింది. ఆవిడ ఉండేది రేవు పట్టణం. కోడ్‌లో ఉన్నది ఆ దేశపు రాజధాని. పైగా వీధి ఉండాల్సిన చోట మూడు ఎక్స్‌లు కొట్టి ఉన్నాయి.

తన సర్వీసులో తప్పు చిరునామా ఉన్న ఉత్తరాన్ని వెనక్కి పంపింది లేదని పోస్టుగారు గుర్తుచేశారు. ఊరు తప్పితే ఊరు, వీధి తప్పితే వీధి, ఎర్ర సిరాతో దిద్ది మరీ చేర్చేవారు. పెద్దావిడ, పాపం వయసు మీద పడి తొట్రుపడింది. ఆయన జేబులోంచి పెన్ను తీసి, రాజధాని అక్షరాలు కొట్టేసి రేవు పట్టణం తాలూకు రెండక్షరాలు వేశారు. ఎక్స్‌ల స్థానంలో ఆవిడ ఇంటి నంబరు రాశారు. అది సరిగ్గా మూడంకెలు కావడంతో ఆయనకి ఇంక ఏ అనుమానమూ మిగల్లేదు. దిద్దిన కోడ్‌ని మరో తెల్లకాగితం మీదికి ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించి ఇచ్చారు.

గురువారం బాబాయి సెలూన్ మూసి బ్యాంకుకి వెళ్లాడు. వరసలో నిలబడితే ఆయనకి కనిపించేవి మెడలే. ముందున్న ఆరు మెడల్లో రెండు తన పని, నాలుగు అవతలి సెలూన్ పని. ఆ నాలుగింట్లో ఒకటి గుమాస్తాది. అతను ఓసారి వెనక్కి తిరిగి, బాబాయిని చూసి, గోడ మీది వడ్డీ రేట్ల బోర్డుని శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు.

కౌంటరులో అమ్మాయి కాగితం చూసి కోడ్‌ని కంప్యూటర్‌లో కొట్టింది. మళ్లీ కొట్టింది. ఈ కోడ్‌తో ప్రపంచంలో ఏ బ్యాంకూ లేదని చెప్పింది. డబ్బు ఎవరికి పంపుతున్నారో వాళ్లనే అడిగి సరిగ్గా తెలుసుకోమంది. ప్రపంచంలోనే లేదనేసరికి బాబాయి కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెనక్కి వచ్చేశాడు.

పోస్టుగారు ఆ వార్త విని తృప్తిగా తల ఊపారు. ఊరు కలవనప్పుడే తనకి అనుమానం తగిలిందనీ, ఆవిడా లేదు, రేవూ లేదు, రింగులూ లేవు, ఇదంతా మోసమేననీ తేల్చేశారు. లేని బ్యాంకుని పుట్టించింది తన పెన్నేనన్న ఆలోచన ఆయన దరిదాపులకి రాలేదు. చెప్పొద్దూ, బాబాయికీ రాలేదు. నలభై తలలు మిగిలాయిలే అని సరిపెట్టుకోబోయాడు. కానీ ఆ మధ్యాహ్నం వచ్చిన ఒకే ఒక్క మనిషి, క్రాఫు సగంలో ఉండగా, ఏమనుకోవద్దని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మిగతా సగం నిలబడే చేయించుకున్నాడు.

సాయంత్రం అంతా విన్న భార్య ఒక్కటే అడిగింది.

"మీరు బ్యాంకులో ఇచ్చిన కోడ్ ఆవిడ రాసిందా, పోస్టుగారు రాసిందా?"

బాబాయి అన్నం కలపడం ఆపాడు. "ఈయన దిద్దాడు," అన్నాడు.

"ఈయన ఆ ఊరెప్పుడు వెళ్లొచ్చాడు?"

శుక్రవారం బ్యాంకు తెరిచేసరికి బాబాయి గుమ్మంలో ఉన్నాడు. బావమరిది రాసిచ్చిన మొదటి కాగితం జేబులో ఉంది. పక్కనే పోస్టుగారు. మోసపోతున్న మనిషిని ఒంటరిగా వదలడం ధర్మం కాదని వెంట వచ్చారు. కౌంటరులో అమ్మాయి కాగితం అందుకుని, కొట్టేసిన అక్షరాల్ని వెలుతురుకి పట్టి చూసి, వాటినే కంప్యూటర్‌లో కొట్టింది. తెర మీద బ్యాంకు పేరు వచ్చింది. ఆవిడ రాసిన పేరే.

"ఇవెవరు దిద్దారండీ?" అని అడిగింది.

బాబాయి గోడ మీది వడ్డీ రేట్ల బోర్డు వంక చూశాడు. పోస్టుగారు గొంతు సవరించుకుని, ఊరు తప్పుందని అన్నారు. ఆ అమ్మాయి ఓపికమంతురాలు. కోడ్‌లో ఉన్న ఊరు ఖాతాదారు ఉండే ఊరు కాదనీ, బ్యాంకు ఉండే చోటనీ చెప్పింది. చివరి మూడూ శాఖ గుర్తు. ఎక్స్‌లుంటే ఫలానా శాఖ అని లేకుండా నేరుగా ప్రధాన కార్యాలయానికని అర్థం. అవి రాయకపోయినా డబ్బు అక్కడికే వెళ్తుంది.

"అంటే ఎవరూ పోలేదు కదమ్మా?" అన్నాడు బాబాయి.

ఆ ప్రశ్న ఆమెకి అర్థం కాలేదు. ఎవరూ పోలేదని మాత్రం హామీ ఇచ్చింది.

పోస్టుగారు అంత తేలిగ్గా వదల్లేదు. వీధి లేదు, ఇంటి నంబరు లేదు. రాజధాని దాకా పోయిన డబ్బు అక్కడినుంచి రేవుకి ఎవరు మోసుకెళ్తారని నిలదీశారు. ఆమె మళ్లీ మొదటినుంచి చెప్పబోతుంటే బాబాయి అడ్డొచ్చాడు. ముప్పై ఏళ్లలో పోస్టుగారికి ఆయన ఏదైనా బోధించడం అదే మొదలు.

"పోస్టుగారూ, కోడ్ మనిషిని నా సెలూన్ గుమ్మం దాకా తెస్తుంది. అంతే దాని పని. లోపలికొచ్చాక ఎవరి తలకి ఏ క్రాఫో నా పుస్తకంలో ఉంటుంది. ఆవిడ ఖాతా నంబరు ఆ పుస్తకం లాంటిది."

"సరిగ్గా అంతేనండీ," అంది ఆ అమ్మాయి. పోస్టుగారు ఎర్ర సిరా పెన్ను జేబులో ఇంకాస్త లోపలికి నెట్టుకున్నారు.

ఫారం నిండింది, సంతకం పడింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. డబ్బు చేరడానికి రెండు మూడు పనిదినాలు పడుతుంది. గడువు ఈ సాయంత్రంతో సరి. బాబాయి అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. ఆ కుర్చీ దిగలేదు, దానికేం తక్కువ. గురువారమంతా దిద్దుబాట్లకే పోయిందని ఆయన అనలేదు. పోస్టుగారు ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు తలవంచుకుని నిలబడ్డారు.

బావమరిది రసీదుకి ఫొటో తీసి పెద్దావిడకి పంపాడు. ఆ రోజు సెలూన్ తెరిచారు గానీ ఎవరూ రాలేదు. ముగ్గురూ బెంచీ మీద వరసగా కూర్చుని ఫోన్ వంక చూశారు. పోస్టుగారు మధ్యాహ్నం దాటినా ఇంటికి వెళ్లలేదు. పేపరు మడత కూడా విప్పలేదు.

నాలుగింటికి జవాబు వచ్చింది. బావమరిది చదివి వినిపించాడు. డబ్బు ఇంకా అందలేదని రాసింది. అయితే రసీదు మీద తన బ్యాంకు కోడ్ సరిగ్గా ఉంది కాబట్టి అదే వస్తుందనీ, ఎదురుచూస్తున్న రెండో ఆసామీకి లేదని చెప్పేశాననీ రాసింది. సోమవారం పొట్లం పంపుతుందట. దాని మీద అతికించడానికి చిరునామా మాత్రం ఏ లోటూ లేకుండా రాసి పంపమంది. దారి తప్పితే ఇంకో జత ఆవిడ దగ్గర లేదు.

బావమరిది చిరునామా తానే ఫోన్లో టైపు చేసి పంపబోయాడు. బాబాయి అతని చేతిలోంచి ఫోన్ తీసుకుని పక్కన పెట్టాడు. ఖాతా పుస్తకంలోంచి ఒక తెల్లకాగితం చింపి పోస్టుగారి ముందుంచాడు.

"మీరు రాయండి. ఫొటో తీసి పంపుదాం."

ఆయన కళ్లజోడు ముక్కు మీదికి దింపుకుని రాయడం మొదలుపెట్టారు. షాపు నంబరు, అంతస్తు, సందు, సందు మొదట్లో ఉన్న మందుల షాపు, వీధి, పేట, ఊరు, పిన్ కోడ్, దేశం అన్నీ పడ్డాయి. ఏ రోజు ఎన్నింటికి వస్తే తలుపు తీసి ఉంటుందో కూడా పడింది. పదమూడు వరసలయ్యాయి. బావమరిది ఏదో అనబోతే బాబాయి కాలు తొక్కాడు. కాగితం అందుకుని పైనుంచి కిందికి ఒకసారి చదివి, ఎలా ఉన్నది అలాగే ఫొటో తీయమన్నాడు.