టచ్ మేష్టారి తోడల్లుడు

ఆఫీసులో అందరూ ఆయన్ని టచ్ మేష్టారు అంటారు. బస్సు కండక్టర్లు చేత్తో పట్టుకునే టికెట్ మిషన్లు తయారుచేసే చిన్న కంపెనీ అది. తెరను వేలితో తాకితే ఆ సంగతి లోపలి ప్రాసెసర్‌కు అందజేసే డ్రైవర్ ప్రోగ్రాము తొమ్మిదేళ్ళ కిందట రాసింది ఆయనే. అంతకుముందు రేడియోలు బాగుచేసే కొట్లో పనిచేశాడు. ఇప్పటికీ పొద్దున్నే ఎనిమిదికల్లా వచ్చి, పరీక్షకు పెట్టిన పన్నెండు మిషన్ల అద్దాలనూ మెత్తటి గుడ్డతో తుడిచిగానీ సీట్లో కూర్చోడు.

ఇంత పద్ధతైన మనిషికి ఒకే ఒక్క జబ్బు. తోడల్లుడంటే కడుపుమంట.

ఆ తోడల్లుడు, అంటే భార్య చెల్లెలి మొగుడు, ఆరు నెలల కిందట అదే ఆఫీసులో చేరాడు. ఆర్నెల్లయితేగానీ అక్కడ ఉద్యోగం ఖాయం చెయ్యరు. ఈలోగా మిషన్‌కు కొత్తగా పెట్టిన కార్డ్ రీడర్‌కు డ్రైవర్ రాసి అందరి చేతా శభాష్ అనిపించుకున్నాడు. అత్తగారింట్లో మొదట్నుంచీ ఇదే వరస. పెద్దల్లుడు వస్తే "రండి" అంటారు, చిన్నల్లుడు వస్తే గేటుదాకా ఎదురెళ్తారు. ఒకసారి మామగారి టీవీ పాడైతే, రేడియోలు బాగుచేసిన అల్లుడు ఎదురుగా కూర్చునుండగానే చిన్నల్లుడికి ఫోన్ చేశారు! అది తల్చుకుంటే మేష్టారికి ఇప్పటికీ అన్నం సయించదు.

అలాంటిది, కార్డ్ రీడర్ పెట్టిన దగ్గర్నుంచీ మిషన్లు బిగుసుకుపోవడం మొదలైంది. బ్యాటరీ ఆదా కోసం నిద్రకు దిగుతూ, ఏ యాభైసార్లకో ఓసారి, మళ్ళీ లేవనని మొండికేస్తున్నాయి. కొత్తగా వచ్చింది కార్డ్ రీడరే గనక నింద దాని మీదే పడింది. శుక్రవారం మీటింగులోగా దీని సంగతి తేలకపోతే ఉద్యోగం ఖాయం చెయ్యడం కుదరదని మేనేజరమ్మ చెప్పేసింది. మేష్టారు పైకి "అయ్యో పాపం" అన్నాడు. ఆ పూట మాత్రం రెండు కప్పుల టీ తాగాడు.

బుధవారం మధ్యాహ్నం, అవతలివాడి తప్పు కళ్ళారా చూసి ఆనందిద్దామని కోడ్ తెరిచాడు. టచ్ చిప్పుకూ కార్డ్ చిప్పుకూ ప్రాసెసర్‌ను పిలవడానికి ఉన్నది ఒకటే తీగ. ఆ పిలుపునే ఇంటరప్ట్ అంటారు. పిలుపు రాగానే రెండు డ్రైవర్లూ తమ తమ చిప్పులను "పిలిచింది నువ్వేనా?" అని అడగాలి. కాదంటే తప్పుకోవాలి. మిషన్ నిద్రకు దిగేటప్పుడు ముందు టచ్ చిప్పుకు కరెంటు తీసేస్తుంది. సరిగ్గా అప్పుడే కార్డ్ చిప్పు పిలిస్తే? మేష్టారి డ్రైవర్ వెళ్ళి కరెంటు లేని చిప్పును అడుగుతుంది. దాన్ని చదివితే అన్నీ ఒకట్లే కనబడతాయి. ఒకటంటే "ఔను". ఇంకేముంది, ఆ పిలుపు నాదేనని పట్టుకుని, చిప్పు "కాదు" అనేదాకా వదలదు. చిప్పు అనదు. మిషన్ బిగుసుకుపోతుంది.

మేష్టారు ఆ లైన్లు మళ్ళీ మొదట్నుంచీ చదివాడు. తప్పు తనది. ఇన్నాళ్ళూ ఆ తీగ మీద ఇంకో చిప్పు లేదు గనక బయటపడలేదు, అంతే.

చెప్పాలా? ఎందుకు చెప్పాలి? శుక్రవారందాకా నోరు మూసుకుంటే చాలు. ఇంటికెళ్ళి మొహం మాడ్చుకుని కూర్చున్నాడు.

"ఏమైందండీ, ఒంట్లో బాలేదా?" అంది భార్య.

"మీ మరిది ఉద్యోగం గురించే బెంగ" అన్నాడు. అది పూర్తిగా అబద్ధమనీ అనలేం.

గురువారం పొద్దున, అనుమానం తీర్చుకుందామని ఆసిలోస్కోప్ దగ్గరికెళ్ళాడు. తీగల్లో వోల్టేజి ఎగుడుదిగుళ్ళను గీతలుగా చూపించే పెట్టె అది. పాత గీతలు చెరిపేద్దామని చూస్తే, అందులో తను తియ్యాలనుకున్న గీతే ఉంది. పైన టచ్ చిప్పు కరెంటు పడిపోతోంది, కింద ఉమ్మడి తీగ మీద పిలుపు వస్తోంది. ఈ వారంలో ఆ పెట్టెను ముట్టుకున్నది ఒక్క తోడల్లుడే. దాచిన తేదీ సోమవారం.

అంతలో తోడల్లుడే కాఫీ కప్పుతో వచ్చి, తెర చూసి గతుక్కుమన్నాడు.

"చూసేశారా అన్నయ్యా?"

"సోమవారమే తెలిస్తే చెప్పవేం?"

"మీరు రాసింది కదా, నలుగురిలో నేనెలా ఎత్తిచూపను? మీరే పట్టుకుంటారనుకున్నా."

"పట్టుకోకపోతే?"

"ఇంకో ఉద్యోగం చూసుకునేవాణ్ణి" అని నవ్వాడు.

ఇక్కడ మేష్టారి కళ్ళు చెమర్చాయని రాస్తే బాగుండును. అలాంటిదేం లేదు. ఒళ్ళు భగ్గున మండింది. టీవీలో వాడే, కార్డ్ రీడర్‌లో వాడే, ఆఖరికి మంచితనంలోనూ వాడే! ఇది అత్తగారింట్లో తెలిస్తే వాణ్ణి నెత్తిన పెట్టుకుంటారు. తను జన్మంతా తలదించుకుని బతకాలి. ఏమైనా సరే, వాణ్ణి అంత గొప్పవాణ్ణి కానివ్వకూడదు.

ఆ రోజే కూర్చుని సరిచేశాడు. కరెంటు తీసేముందు, మొదలైన పని ముగిసేదాకా ఆగి, చిప్పు నిద్రలో ఉందని గుర్తు పెట్టాలి. ఆ గుర్తుంటే, పిలుపొచ్చినా చిప్పును అడక్కుండా "నాది కాదు" అని తప్పుకోవాలి. మొత్తం ఆరు లైన్లు. మర్నాటికి పన్నెండు మిషన్లూ వెయ్యేసిసార్లు పడుకుని లేచాయి. మీటింగులో మేనేజరమ్మ నోరు తెరవకముందే మేష్టారు లేచి నిలబడ్డాడు.

"తప్పు నాది. కార్డ్ రీడర్‌లో ఏ లోపమూ లేదు" అన్నాడు, గెలిచినవాడిలా తోడల్లుడి వైపు చూస్తూ.

ఉద్యోగం ఖాయమైంది. సాయంత్రం ఇంటికెళ్ళేసరికి భార్య మొహం వెలిగిపోతోంది.

"చెల్లెలు ఫోన్ చేసిందండీ. మరిది మిమ్మల్ని ఒకటే పొగడ్డమట. అంత పెద్ద మనసు తనకెప్పటికీ రాదని అమ్మా నాన్నలతో కూడా అన్నాడట."

మేష్టారు చెప్పులు విప్పబోతూ ఆగిపోయాడు. "మరి సోమవారం సంగతి చెప్పాడా?"

"ఏ సోమవారం?"

వాడు చెప్పలేదు. చెప్పడు కూడా. ఇక ఆ సంగతి తనే బయటపెట్టాలి, లేదా బతికినన్నాళ్ళూ కడుపులో దాచుకోవాలి. ఏది చేసినా పైచెయ్యి వాడిదే.

"ఏం లేదులే" అన్నాడు మేష్టారు. ఆ పూట కూడా అన్నం సయించలేదు.