వాన డబ్బా మీద మూత

స్టీలు పళ్లెం ఎంత బరువుంటది? నాకైతే కొన్నేండ్ల సంది అది మోయలేనంత బరువైంది. ఎవ్వలకైనా ఉన్నదున్నట్టు మొహం మీదనే అనేదాన్ని నేను. ఈ ఒక్కటి అనలేకపోయిన. మీరెవరో నాకు తెల్వదు, అందుకే ముందుగాల మీకు చెప్తున్న.

మా ఊరు కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే తొవ్వల ఉంటది. స్వప్న అని పెద్ద చదువు చదివే పిల్ల, వాన లెక్కల కోసం కొన్ని ఊళ్లల్ల డబ్బాలు పెట్టింది. మా ఊరిది నా వాకిట్ల. తెల్లారంగనే డబ్బాల నీళ్లు గీతల గ్లాసుల పోసి, ఎంతున్నదో ఫోన్ల రాసి పంపాలె. నాకు అప్పటికి రాత రాదు. ఆ పిల్లనే వచ్చినప్పుడల్లా అరుగు మీద కూసోబెట్టుకొని నేర్పింది. ముందు అంకెలు, తర్వాత అక్షరాలు. ముసలిదాని వంకర వేళ్లు పట్టుకొని దిద్దించింది, ఒక్కనాడు ఇసుక్కోలే. ఇయ్యాల ఇది రాస్తున్ననంటే ఆమె పుణ్యమే.

ఒక వానకాలం కండ్లు చూపించుకుందామని కామారెడ్డి పోయిన. పోయేముందు డబ్బా మీద పళ్లెం బోర్లించి, గాలికి లేవకుండ రాయి పెట్టిన. నీళ్ల గిన్నెను మూత లేకుండ ఇడిచిపోవుడు నాకు చేతకాదు. కాకి ముడుతదని, పిల్లి మూతి పెడ్తదని. ఆ డబ్బా మొగులు దిక్కు నోరు తెరుచుకొని ఉండాలన్న సోయే రాలే.

మర్నాడు పొద్దున వచ్చి చూస్తే వాకిలంత బురద. పోయేటప్పుడు ఖాళీగ ఉన్న రోలు అంచుల దాక నిండి ఉన్నది. డబ్బా మాత్రం ఎండి ఉన్నది.

వాన డబ్బాకు మూత పెట్టిందట ముసల్ది అని ఊరంత నవ్వుతరనుకున్న. పక్క రెండూళ్ల డబ్బాలోళ్లకు ఫోన్ చేసి అడిగిన. ఒక ఊళ్లె కొంచెమే పడ్డదట, ఇంకో ఊళ్లె దానికంటె జర ఎక్కువ. మా ఊరు రెండింటి నడుమ. నడిమి అంకె రాసి పంపిన. ఆ అంకెకు ఎంతో మించి ఉన్న రోట్లె నీళ్లు పారబోసిన. అవి ఎందుకు పారబోసిన? ఎవ్వలు చూడొద్దని కాదు. నేనే చూడలేక.

కొన్నాళ్లకు స్వప్న నవ్వుకుంట వచ్చింది.

"అవ్వా, డబ్బా లేని ఊళ్ల వానను పక్క ఊళ్ల అంకెలతోని లెక్క కడతం గద. ఆ లెక్క నిజమా కాదా అని పరీక్ష చేసిన. నీ అంకె దాచిపెట్టి, మీ ఊరి వాన ఎంతో కట్టి చూసిన. నువ్వు రాసిందే వచ్చింది."

"గంతనే వచ్చిందా?"

"తీరుతీర్ల లెక్కలు చేసిన. మిగిలినవేవీ కలవలే, ఇదొక్కటే కలిసింది. ఇగ దీన్నే నమ్ముకుంటం."

అప్పుడే చెప్పాల్సింది. "చాయ్ తాగుతవా బిడ్డా" అన్న.

ఎట్ల కలవదు? లెక్క అంచనా కట్టింది, నేనూ అంచనానే కట్టిన. రెండు అంచనాలు మొహాలు చూసుకున్నయి. దాన్ని నిజమనుకున్నది ఆ పిల్ల.

అదే వానకు పక్కింటి లక్ష్మవ్వ పొలం ఒడ్డు తెగింది. కొత్త నాటు మీదంత ఇసుక మేటేసింది. నష్టం చూడవచ్చిన సర్కారోళ్లు స్వప్న లెక్కతోని గీసిన వాన పటం చూసి, ఇంత వానకు ఒడ్డు తెగదు, నువ్వే సరిగ పెట్టలే అన్నరు. "మా అక్క డబ్బా చూస్తది, ఆమెను అడుగుర్రి" అన్నది లక్ష్మవ్వ. రాసినంతనే పడ్డదని చెప్పిన. ఆమె నా మాట నమ్మింది. ఒడ్డు తనే సరిగ తొక్కలేదని, తప్పు తనదేనని ఇప్పటికీ అనుకుంటది. ఇంకా నాకు తోటకూర తెచ్చిస్తది. నేను తింట.

నిన్న స్వప్నకు ఫోన్ చేసి చెప్పిన. "ఆ అంకె తీసేసి మల్ల చేస్త అవ్వా" అన్నది. పోనీలే అనలే. మాఫ్ చెయ్యమని నేనూ అడగలే. మల్ల చేస్తనన్నందుకే దండం పెట్టుకున్న.

లక్ష్మవ్వకు చదువు రాదు. ఈ కాయితం నేనే చదివి వినిపించాలె. రోట్లె నీళ్ల మాట వినంగనే ఆమె లేచి పోతదేమో. పోయినా సరే, ఆ పిల్ల నేర్పిన అక్షరాలు ఉన్నయి, కూడబలుక్కొని చివరి దాక చదువుత.

నీ ఒడ్డు మంచిగనే ఉండె లక్ష్మవ్వా. వాననే ఎక్కువ పడ్డది.