చదవకుండా పెట్టెలోకి వెళ్లని కాగితం

మా టీచరుగారు పోయారు. మధ్యాహ్నం భోజనం చేసి కాసేపు నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదని మా తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. వెంటనే బయల్దేరాను. బస్సు బాపులపాడు దాటాక రోడ్డుకి రెండు వైపులా మామిడితోటలు మొదలయ్యాయి. కోతలు జోరుగా సాగుతున్నాయి. కాయల సొన వాసన కిటికీలోంచి వచ్చింది. అంతవరకూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

ఎనభైల్లో మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో అన్ని క్లాసులకీ ఆవిడే టీచరు. మాలో చాలామందిమి తోటల్లో కూలికి వెళ్లేవాళ్ల పిల్లలం. వేసవి సెలవులంటే మాకు పండగ, ఆవిడకి భయం. ఏప్రిల్లో గడగడా చదివిన పిల్ల జూన్‌లో అక్షరాల వంక ఎవరో కొత్త చుట్టాల్ని చూసినట్టు చూసేది. కొందరు అసలు తిరిగి వచ్చేవారే కాదు. "బడికి సెలవు గానీ కళ్లకి సెలవేంటే?" అని విసుక్కునేవారు.

సెలవుల్లో మా అమ్మలు తోట షెడ్డులో కాయలు పెట్టెల్లో సర్దేవారు. అడుగున వరిగడ్డి, దానిమీద పాత న్యూస్‌పేపరు, ఆపైన కాయలు. ఇంటి దగ్గర చూసే దిక్కులేక మేమూ అక్కడే పడి ఉండేవాళ్లం. ఒక వేసవిలో టీచరుగారు నల్ల గొడుగు వేసుకుని షెడ్డుకి వచ్చారు. అక్కడున్న పాత పేపర్ల గుట్టని చూసి ఆగిపోయారు.

"షావుకారుగారూ, ఈ కాగితాలు పెట్టెల్లో పెట్టేముందు మా పిల్లలు ఒకసారి చదువుతారండీ."

"చదువుకుంటా కూర్చుంటే లారీ వెళ్లిపోద్దండీ," అన్నాడు తోట కాపు కొన్న షావుకారు.

"చదివినవాళ్లే పెట్టెలో పరుస్తారు లెండి. మీకూ పని కలిసొస్తుంది."

ఆయన ఒప్పుకున్నాడు. తను అన్న ఆ చివరి మాటే ఆవిడని బతికినంతకాలం కాల్చుకు తింది.

అప్పటినుంచి చదవకుండా ఏ కాగితమూ పెట్టెలోకి వెళ్లకూడదని రూలు. బంగారం ధరలు, సినిమా హాళ్ల ప్రకటనలు, తప్పిపోయినవాళ్ల ఫొటోల కింది రాతలు, అన్నీ గొంతెత్తి చదివేవాళ్లం. అమ్మలు పని చేసుకుంటూ వినేవారు. తప్పు చదివితే గొడుగు కొన ఠక్కున నేలకి తగిలేది. ఎవరి చెంపకైనా సొన అంటి పొక్కితే మాత్రం ఆ కోపమంతా ఎటు పోయేదో, సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి తనే రాసేవారు.

అందరిలో బాగా చదివేది నాగమణి. ఒకరోజు దానికి మేకపిల్ల కథ ఉన్న కాగితం దొరికింది. మేకపిల్ల మందలోంచి తప్పిపోతుంది, చీకటి పడుతుంది, దూరంగా తల్లి మెడలో గంట వినపడుతుంది. అక్కడితో కాగితం చిరిగిపోయింది. మిగతా ముక్క ఏ పెట్టెలో ఏ ఊరు వెళ్లిందో! మణి ఒకటే ఏడుపు.

"ఏడుస్తావేంటే? చివర ఏమైందో నువ్వే చెప్పు," అన్నారు టీచరుగారు.

అప్పటినుంచి మణి రోజుకో రకంగా చెప్పేది. ఒకరోజు మేకపిల్ల ఇల్లు చేరేది, ఒకరోజు చేరేది కాదు. "ఇంటికి చేర్చవే తల్లీ, నీకు పుణ్యముంటుంది!" అని ఆడవాళ్లు బతిమాలేవారు.

జూన్‌లో బడి తెరిచారు. మేమందరం ఒక్క అక్షరం మరిచిపోకుండా వెళ్లాం. మణి రాలేదు. టీచరుగారు నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లారు.

"మీరు కూర్చోబెట్టి నేర్పిన పనేగా అండీ," అంది మణి వాళ్లమ్మ. "దాని చెయ్యి చురుకని షావుకారు నిమ్మతోటల పనికీ రమ్మన్నాడు. పెద్దాళ్ల కూలే ఇస్తాడంట. మాకూ గడవాలి కదండీ."

ఆవిడ ఎంత చెప్పినా వాళ్లు వినలేదు. తిరిగొచ్చేటప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండ. టీచరుగారు గొడుగు తెరవలేదు. "నేనే పనిలో కూర్చోబెట్టానే," అన్నారు, నాతో కాదు.

మరుసటి వేసవి నుంచి సెలవుల చదువు టీచరుగారింటి వరండాలోకి మారింది. కొట్టు కొట్టూ తిరిగి పాత పేపర్లు ఆవిడే అడిగి తెచ్చేవారు. ఆ వరండాయే లేకపోతే ఈ నాలుగు ముక్కలు రాయడం నాకు వచ్చేది కాదు. మమ్మల్ని పంపించాక సాయంత్రం షెడ్డుకి వెళ్లి, మణి పక్కన ఖాళీ పెట్టె బోర్లించుకుని కూర్చునేవారు. మణి ఒక కాగితం చదివి వినిపించాలి. తర్వాత అదే ప్రశ్న: "ఇవాళ మేకపిల్ల ఇల్లు చేరిందా?" రిటైరయ్యాక కూడా ఏ సీజనూ మానలేదు.

"ఇంతమందిమి చదువుకున్నాం కదండీ," అని ఒకసారి ఓదార్చబోయాను.

"వచ్చినవాళ్లని చూసుకుంటే రాని పిల్ల కనపడకుండా పోతుందా?" అన్నారు.

ఆఖరిచూపుకి మణి షెడ్డు నుంచి తిన్నగా వచ్చింది, తలలో గడ్డిపరకలతోనే. ఆవిడ కాళ్లకి దణ్ణం పెట్టుకుని, లారీ ఆగి ఉందని వెంటనే బయల్దేరింది. నేనూ వెంట నడిచాను.

"నిన్న కూడా వచ్చారే," అంది దారిలో. "మేకపిల్ల సంగతి అడిగారు. ఊపిరాడని పనిలో ఉన్నానే. రేపు చెబుతానండీ అన్నాను."

షెడ్డులో మణి తన చోట కూర్చుని ఒక కాగితం తీసింది. పైకే చదివింది, పెట్టెలో పరిచింది. పక్కన ఖాళీ పెట్టె బోర్లించే ఉంది. ఎవరో అమ్మాయి కాయలు సర్దడానికి దాన్ని తీసుకోబోయింది. మణి తల ఎత్తకుండానే దానిమీద చెయ్యి వేసి అట్టే పెట్టింది.